పాట కావాలా, దెయ్యం కావాలా?

సినిమా ప్రియులు నలుగురు కలిస్తే రెండు రకాల చిత్రాల దగ్గర చర్చ వేడెక్కుతుంది. ఒకటి హాలీవుడ్ మ్యూజికల్, రెండోది జపాన్ హారర్. మొదటిదాని మీద ఫిర్యాదు: ‘‘మాట్లాడుకుంటున్న మనుషులు ఉన్నట్టుండి పాట ఎందుకు అందుకుంటారు?’’ రెండోదాని మీద ఫిర్యాదు: ‘‘గంట గడిచినా ఏమీ జరగదు, ఇందులో భయపడటానికేముంది?’’ మన ఇళ్లలోనూ శనివారం రాత్రి రిమోట్ దగ్గర జరిగేది ఇలాంటి పంచాయితీయే.

పంట రుణం దరఖాస్తును గృహ రుణం నిబంధనలతో పరిశీలించం కదా. సినిమాకూ అంతే. ప్రతి తరహా చిత్రం మొదటి పది నిమిషాల్లోనే ప్రేక్షకుడితో ఒక ఒప్పందం చేసుకుంటుంది. ఆ ఒప్పందాన్ని అది నిలబెట్టుకుందా లేదా అన్నదే అసలు ప్రశ్న. అది తెలిస్తే నచ్చని సినిమా గురించి కూడా ఇంట్లో సరదాగా మాట్లాడుకోవచ్చు.

పాటే కథ నడిపితే

మన సినిమాల నిండా పాటలే కాబట్టి మ్యూజికల్ మనకు కొత్త కాదనిపిస్తుంది. కానీ మన పాటల్లో చాలా వాటిని తీసేసినా కథ అర్థమవుతుంది. మ్యూజికల్‌లో పాట తీసేస్తే కథకు ఒక మెట్టు విరుగుతుంది. ‘ద సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ (1965) చూడండి. తల్లి లేని ఏడుగురు పిల్లలను తండ్రి ఈల వేసి పిలుస్తుంటాడు. ఆ ఇంట్లోకి పాటను తెచ్చింది మరియా. పిల్లల పాట చెవిన పడ్డాకే తండ్రి మనసు కరుగుతుంది, ఆయనా గొంతు కలుపుతాడు. ఆ మార్పును మొదట పాటే చెబుతుంది. మన ‘లవకుశ’ (1963)లో కుశలవుల రామాయణ గానం కూడా అలాంటిదే. కథను అయోధ్యకు చేర్చేది ఆ గానమే.

ఫ్రెంచి దర్శకుడు జాక్ డెమీ ‘ది అంబ్రెల్లాస్ ఆఫ్ షేర్‌బూర్గ్’ (1964)లో ఇంకా ముందుకు వెళ్లాడు. అందులో ప్రతి సంభాషణా పాటే. మన పద్యనాటకాలు చూసిన పెద్దలకు ఇది పెద్ద వింత అనిపించదు.

‘సింగింగ్ ఇన్ ద రెయిన్’ (1952) కథ మూకీలు పోయి టాకీలు వస్తున్న 1927 నాటిది. పేరున్న నటి గొంతు బాగుండదు కాబట్టి తెర వెనుక నుంచి మరో అమ్మాయి పాడుతుంది. ఆ రహస్యం బయటపడటమే అందులో పతాక సన్నివేశం. నేపథ్య గానానికి అలవాటుపడిన మనకు అది రహస్యమే కాదు. ఘంటసాల, సుశీల పేర్లు మనకు తారల పేర్లతో సమానం. ఒకే పద్ధతి ఒకచోట మోసంగా, మరోచోట గౌరవంగా కనిపిస్తుందన్నమాట.

నిశ్శబ్దమే భయపెడితే

జపాన్ హారర్‌లో కనిపించే తెల్లబట్టల, విరబోసిన జుట్టు ఆడమనిషి నిన్నమొన్నటి సృష్టి కాదు. జపనీయుల నమ్మకంలో అన్యాయానికి గురై చనిపోయి, పగతో తిరిగే ఆత్మను ‘ఓన్‌ర్యో’ అంటారు. తెల్లబట్టలు అంత్యక్రియల నాటివి. 1825లో కబుకి రంగస్థలం మీదికి వచ్చిన ‘యోత్సుయా కైదాన్’ నాటకంలో భర్త ద్రోహానికి బలైన ఓఇవా ఈ కోవకు చెందిన ప్రసిద్ధ పాత్ర.

హిదియో నకాతా తీసిన ‘రింగు’ (1998) ఈ పాత ఆత్మను వీడియో క్యాసెట్‌లోకి తెచ్చింది. ఆ టేపు చూసినవాళ్లకు ఏడు రోజులే గడువు. కొజి సుజుకి 1991లో రాసిన నవల దీనికి ఆధారం. సినిమాలో రక్తపాతం చాలా తక్కువ. దెయ్యమైన సదాకో ముఖం జుట్టు చాటునే ఉంటుంది. ఆమె నడక మాత్రం ఒళ్లు గగుర్పొడిపిస్తుంది. నటిని వెనక్కి నడిపించి చిత్రీకరించి, ఆ ఫిల్మును తిరగేసి చూపించారు. మనిషి నడకే, కానీ ఎక్కడో తేడాగా ఉందని మన కళ్లు పసిగడతాయి.

మరో తేడా న్యాయం విషయంలో. ‘కాంచన’ వంటి సినిమాల్లో దెయ్యం తనను చంపినవాళ్ల మీద పగ తీర్చుకుంటుంది, మనకు లెక్క సరిపోయినట్టు ఉంటుంది. తకాషి షిమిజు ‘జు-ఆన్’ (2002)లో శాపం ఇంటిని పట్టుకుంటుంది. ఆ గడప దాటిన ఎవరైనా బాధితులే, తప్పు చేశారా లేదా అన్న విచారణ లేదు. ‘ముగింపు సరిగా లేదు’ అన్న మన అసంతృప్తికి కారణం ఇదే. నిజానికి ఆ లెక్క తేలకపోవడమే వాళ్ల ఒప్పందం.

రెండూ కలిసే చోటు

రెండింటికీ ప్రాణం శబ్దమే. ఒకటి దానితో తెర నింపుతుంది, మరొకటి దాన్ని బిగబట్టి ఉంచుతుంది. ‘సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ తీసిన రాబర్ట్ వైజ్ అంతకు రెండేళ్ల ముందు, 1963లో, ‘ద హాంటింగ్’ అనే దెయ్యాల కొంప కథ తీశాడు. అందులో దెయ్యం ఒక్కసారీ కనిపించదు, చప్పుళ్లే వినిపిస్తాయి. జపాన్‌లో మసాకి కొబయాషి ‘క్వైదాన్’ (1964)లో ఒక గుడ్డి గాయకుడు తెలియకుండానే యుద్ధంలో చనిపోయిన వీరుల ఆత్మల ముందు వాళ్ల కథనే గానం చేస్తాడు. పాట, దెయ్యం ఒకే గదిలో ఉన్న కథ అది. తకాషి మీకే ‘ది హ్యాపీనెస్ ఆఫ్ ది కటకురీస్’ (2001)లోనైతే శవాల మధ్యే కుటుంబమంతా ఆడిపాడుతుంది.

జపనీయులకు భయమే ఇష్టమనుకోవడమూ పొరపాటే. ‘రింగు’ వచ్చిన 1998లోనే రజనీకాంత్ ‘ముత్తు’ అక్కడ విడుదలై, ఆటపాటలతో ఆకట్టుకుంది. 2022లో మన ‘ఆర్ఆర్ఆర్’కూ బ్రహ్మరథం పట్టారు. 2024 జనవరిలో, అందరూ స్త్రీలే నటించే తకరజుకా బృందం దాన్ని రంగస్థల మ్యూజికల్‌గా ప్రదర్శించింది.

ఇంట్లో చర్చకు మూడు ప్రశ్నలు

ఒకటి: ఈ పాట తీసేస్తే కథ ఆగిపోతుందా?
రెండు: తెర మీద దెయ్యం లేనప్పుడు కూడా భయం ఉందా?
మూడు: నా ఫిర్యాదు ఈ సినిమా మీదా, ఈ తరహా మొత్తం మీదా?

మూడో ప్రశ్నకు నిజాయితీగా జవాబిస్తే సగం వాదన అక్కడే చల్లబడుతుంది.

పిల్లలున్న ఇంట్లో ఒక జాగ్రత్త అవసరం. రక్తం లేదు కదా అని జపాన్ హారర్‌ను చిన్నపిల్లలతో చూడకండి. టీవీ, ఫోను, సొంత ఇల్లు లాంటి రోజువారీ వస్తువులే అందులో భయానికి మూలం కాబట్టి, ఆ భయం పడకగది దాకా వస్తుంది. మన దగ్గర థియేటర్ సినిమాలకు యూఏ 7+, 13+, 16+ అనే వయసు సూచనలున్నాయి. ఓటీటీల్లోనూ ఇలాంటి సూచనలే ఉంటాయి. 13+, ఆపై వాటికి తల్లిదండ్రులు లాక్ పెట్టుకునే వీలుంది.

ఈసారి రెండు శనివారాలు పంచుకోండి. మొదటి వారం పిల్లలు ‘సింగింగ్ ఇన్ ద రెయిన్’కు కూర్చోవాలి. రెండో వారం చిన్నవాళ్లు పడుకున్నాక పెద్దలు ‘క్వైదాన్’కు కూర్చోవాలి. అది మూడు గంటల సినిమా కాబట్టి భోజనాలు ముందే కానిచ్చేయండి.