కటి వలయము – బిడ్డ దాటి వచ్చే ఎముకల దారి

“మా అమ్మాయిది వెడల్పయిన నడుము, కాన్పు సులువుగా అవుతుంది” అని పెద్దవాళ్ళు అంటూ ఉంటారు. కానీ పైకి కనిపించే నడుము వెడల్పును చూసి లోపల బిడ్డ దాటవలసిన దారి ఎంత ఉన్నదో చెప్పలేము. ఎందువల్లనో చూద్దాం.

మీ చేతులను నడుముకు ఇరువైపులా ఆనించండి. గట్టిగా తగిలే అంచు ఇలియం అనే ఎముకది. చెక్క బల్ల మీద కూర్చున్నప్పుడు మన బరువును మోసేది ఇస్కియం. ముందువైపు పొత్తికడుపు అడుగున ఉండేది ప్యూబిస్. పుట్టినప్పుడు విడివిడిగా ఉండే ఈ మూడూ యుక్తవయస్సులో అతుక్కొని ఒకే తుంటి ఎముక అవుతాయి. కుడి, ఎడమ తుంటి ఎముకలు ముందువైపు ఒకదానితో ఒకటి, వెనుకవైపు త్రికాస్థితో కలిసి ఒక వలయంగా ఏర్పడతాయి. త్రికాస్థి అంటే ఒకటిగా కలిసిపోయిన 5 వెన్నుపూసలు. దాని కొనకు క్రింద అతుక్కొని ఉండే చిన్న ఎముకనే ముడ్డిపూస అంటాము.

బిడ్డ రావలసినది ఈ వలయం మధ్యగా. పైద్వారం సాధారణంగా అడ్డంగా 13 సెంటీమీటర్లు, ముందు నుండి వెనుకకు 11 సెంటీమీటర్లు ఉంటుంది. క్రిందిద్వారంలో ఇది తారుమారై, ముందు నుండి వెనుకకే ఎక్కువ చోటు ఉంటుంది. నెలలు నిండిన బిడ్డ తల అడ్డుకొలత సుమారు 9.5 సెంటీమీటర్లు. అందుకే బిడ్డ తల ప్రక్కకు తిరిగి లోనికి దిగి, మధ్యలో మెల్లగా మలుపు తిరిగి, ముఖం తల్లి వీపు వైపు ఉండగా బయటకు వస్తుంది. చివరి నెలల్లో కీళ్ళ బంధనాలు కొంచెం సడలుతాయి. ఆ రోజుల్లో తుంటి దగ్గర వచ్చే నొప్పికి చాలావరకు కారణం ఇదే.

చిన్ననాటి రికెట్స్, పోలియో, పాత ప్రమాదంలో విరిగి వంకరగా అతికిన ఎముక – ఇవి దారిని ఇరుకు చేయవచ్చు. మరో కారణం చిన్న వయస్సు పెళ్ళి. అమ్మాయి ఎత్తు పెరగడం ఆగిన తరువాత కూడా కటి వలయం కొంతకాలం పెరుగుతూనే ఉంటుంది. రజస్వల అయితే చాలు, శరీరం కాన్పుకు సిద్ధమైనట్లే అనుకోవడం పొరపాటు.

దారి ఇరుకైనప్పుడు బిడ్డ తలకూ ప్యూబిస్ ఎముకకూ మధ్య మూత్రసంచి గంటల తరబడి నలుగుతుంది. అక్కడి కండరం చచ్చి రంధ్రం పడితే, తరువాత మూత్రం ఆగకుండా కారుతూ ఉంటుంది. కొందరిలో గర్భసంచి పగిలి ప్రాణానికే ముప్పు వస్తుంది.

140 సెంటీమీటర్ల కంటే తక్కువ ఎత్తు ఉన్నవారు ఈ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. అంతమాత్రాన ఆపరేషన్ తప్పదని భయపడనక్కరలేదు. చిన్న బిడ్డయితే ఇరుకు దారిలోనూ మామూలుగానే పుట్టవచ్చు. నిజం చెప్పాలంటే, ఈ తలకు ఈ దారి సరిపోతుందా అన్నది నొప్పులు మొదలయ్యాకే తేలుతుంది. అందుకే ఆపరేషన్ సౌకర్యం ఉన్నచోట కాన్పు జరగాలని చెబుతున్నాం. ఇంటి దగ్గరే నొప్పులు మొదలైతే వెంటనే బయలుదేరండి. 12 గంటలు గడిచినా కాన్పు కాకపోతే అది ప్రమాద సూచన. అర్ధరాత్రి అయినా తెల్లవారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.