ఇంటికి హీట్ పంపు: ఖర్చు ఎచ్చట పుట్టుచున్నది?

హీట్ పంపు మాట వచ్చినపుడు ఎవరైనను మొదట అడుగు ప్రశ్న ఒక్కటే: ఎంతగును? ఇంగ్లండులో ఇండ్లు కొని స్థిరపడిన తెలుగు కుటుంబములు అనేకము గలవు. గ్యాసు బాయిలరునకు మారుగా ఈ యంత్రమును పెట్టించుకొనుడని అక్కడి ప్రభుత్వము ప్రోత్సహించుచున్నందున, ఈ ప్రశ్న సెలవులకు వచ్చిన బిడ్డలతోపాటు మన వసారాలలోనికి కూడ వచ్చుచున్నది. అంకె చెప్పుట కష్టము కాదు. బయటి గాలినుండి వేడిని తీసికొను పంపునకు బ్రిటనులో సామాన్యముగా 12,000 మొదలు 13,000 పౌండ్ల వరకు అగుచున్నది; మన లెక్కలో పన్నెండు లక్షల రూపాయలకు పైమాటే. భూమినుండి తీసికొనుదానికి లోతుగా బోర్లు వేయవలసి యుండుటచే 20,000 పౌండ్లు దాటుట సాధారణము. అయినను ఒకే వీధిలో, ఒకే యంత్రమునకు, ఇరుగుపొరుగువారు చెల్లించిన సొమ్ములలో వేల పౌండ్ల భేదముండవచ్చును. దాని కారణము తెలియవలెనన్న యంత్రము చేయు పని తెలియవలెను.

మన మోటబావినే తలచుకొందము. ఎడ్లు నీటిని పుట్టించవు. ఉన్న నీటిని పైకి తెచ్చును. నీరు చేతికందునంత దగ్గర నున్నచో తేలికగా తోడును. లోతునకు పోయినచో రొప్పును. హీట్ పంపు తోడునది వేడి. మంచు కురియు దినమున గాలిలో వేడి యెక్కడిదని సందేహము వచ్చును. ఆ గాలికంటెను చల్లనిదైన ద్రవము గొట్టములలో తిరుగుచుండగా, ఆ గాలియే దానికి వెచ్చన. ద్రవము ఆ వేడితో ఆవిరియగును. విద్యుత్తుతో నడచు కంప్రెసరు ఆవిరిని నొక్కి మరింత వేడెక్కించును. ఆ వేడి ఇంటిలోని నీటి గొట్టములకు చేరును. మన రెఫ్రిజిరేటరు వెనుకవైపు వెచ్చగా నుండుటకు కారణమిదియే. ఒక యూనిట్టు విద్యుత్తుకు రెండు మూడు యూనిట్ల వేడి వచ్చుట గారడీ కాదు. తక్కినదంతయు గాలి ఇచ్చినదే.

ఈ ఊహ క్రొత్తది కాదు. తరువాత లార్డ్ కెల్విన్ అని పేరొందిన విలియం థామ్సన్ 1852 లోనే దీనిని ప్రతిపాదించెను. జూరిచ్ నగర సభామందిరము 1938 లో లిమ్మాట్ నది నీటినుండి వేడిని తోడుకొన్నది. లండనులోని రాయల్ ఫెస్టివల్ హాలునకు 1951 లో థేమ్సు నదినుండి తోడు పంపును అమర్చిరి. కాని అది ఆ భవనమునకు కావలసినదానికన్న మిక్కిలి పెద్దది.

కొలత తప్పినచో ఇంటిలోను నష్టమే. కనుక మంచి పనివాడు మొదట గోడలు, కిటికీలు, అటకలు చూచి, ఏ గదినుండి ఎంత వేడి బయటికి పోవుచున్నదో లెక్కవేయును. గ్యాసు బాయిలరు నీటిని 65, 70 డిగ్రీల వరకు కాచి పంపుటచే చిన్న రేడియేటర్లు సరిపోయెడివి. పంపు 45 డిగ్రీల దగ్గర పనిచేసిననే లాభము. పైకి పోయినకొలది బావి లోతైనట్లే. గోరువెచ్చని నీటితో గది వెచ్చబడవలెనన్న రేడియేటర్లు పెద్దవి కావలెను. వేడినీటిని నిలువచేయు తొట్టి లేని ఇండ్లలో దానిని, దానికి చోటును సమకూర్చవలెను. కొన్ని ఇండ్లలో గొట్టములు 8, 10 మిల్లీమీటర్ల సన్ననివి. వానిని మార్చుటకు నేలపలకలు ఊడదీయవలసి వచ్చును. యంత్రము వెల ఇరువురికి నొక్కటే. భేదమంతయు ఇట్టి పనులలో పుట్టినది.

సహాయము లేకపోలేదు. ఇంగ్లండు, వేల్సులలో 2022 మే నెలలో 5,000 పౌండ్లతో ప్రారంభమైన గ్రాంటును 2023 అక్టోబరులో 7,500 చేసిరి. దీనికి పనివాడే దరఖాస్తు పెట్టి, ఆ మొత్తమును బిల్లులో తగ్గించును. 12,500 పౌండ్ల పని ఇంటివారికి 5,000 లో తేలును. క్రొత్త గ్యాసు బాయిలరునకు రెండు మూడు వేలగునని మరువరాదు.

ఇక ఏటేటి ఖర్చు. మా ఉద్దేశమున అసలు చిక్కు ఇచ్చటనే యున్నది. 2025 లో బ్రిటనులో యూనిట్టు విద్యుత్తు సుమారు 26 పెన్నీలు, గ్యాసు సుమారు ఆరున్నర, అనగా నాలుగింతలు. ఏటికి 12,000 యూనిట్ల వేడి కావలసిన ఇల్లు అనుకొందము. నూటికి 88 పాళ్లు వేడినిచ్చు గ్యాసు బాయిలరుతో 886 పౌండ్లగును. ప్రభుత్వము 742 ఇండ్లలో చేయించిన పరీక్షలో పంపుల ఫలము సగటున యూనిట్టుకు 2.8 దగ్గర నుండెను. ఆ లెక్కన 1,114 పౌండ్లు. ఫలము 3.5 అయినచో 891, నాలుగైనచో 780. గ్యాసు కనెక్షనే తీసివేసినచో దాని దినవారీ రుసుము, ఏటికి నూరు పౌండ్లకు పైగా, మిగులును. కావున పెద్ద రేడియేటర్లను వద్దని ఇప్పుడు సొమ్ము మిగుల్చుకొన్నవారు దానిని ప్రతి శీతకాలము విద్యుత్తు బిల్లులో తిరిగి చెల్లింతురు. ఇప్పటికే మామూలు విద్యుత్ హీటర్లతో చలి కాచుకొనువారికి ఈ తర్కమే అక్కరలేదు. వారికి అదే వేడికి 3,120 పౌండ్లగుచున్నది.

తొందర మాత్రము ప్రమాదము. జనవరి చలిలో బాయిలరు ఆగిపోయి ఇంటిలో పసిబిడ్డలు వణకుచుండగా కొలతలకు, దరఖాస్తులకు ఓపిక ఎవరికుండును? రెండు దినములలో దొరకు గ్యాసు బాయిలరే వచ్చి కూర్చుండును. మరి పదేండ్లు దానిని కదపరు. కనుక బాయిలరు బాగుగా నుండగనే ఒక పరీక్ష చేసికొనవచ్చును. మిక్కిలి చలిగానున్న వారములో రేడియేటర్లకు పోవు నీటి వేడిని 50 డిగ్రీలకు తగ్గించి, వేడిని మధ్యమధ్య ఆపక నడుపవలెను. వేడినీటి తొట్టి యున్నచో దానిలోని నీటిని మాత్రము 60 డిగ్రీలకు తగ్గనీయరాదు. నిలువ నీటిలో రోగక్రిములు పెరుగును. గదులన్నియు వెచ్చగా నుండినచో ఇల్లు పంపునకు చాలవరకు సిద్ధముగానే యున్నది. ఒక్క గది మాత్రమే చల్లబడినచో మార్చవలసిన రేడియేటరు ఏదో తెలిసినది. దీనికి ఒక్క పెన్నీయైనను ఖర్చు లేదు.