సాంబారు సరే, సారథి సంగతేమిటి?

ఏటా ఉగాది సావనీరులో వంటల గురించో, ఈ దేశం వచ్చిన తొలి రోజుల గురించో రాసే నేను ఈసారి కార్ల గురించి రాస్తానంటే సంపాదకులు నవ్వారు. "పండగపూట యాక్సిడెంట్ల గోల ఎందుకండీ?" అన్నారు. పండగపూట జరిగింది గనుకనే రాస్తున్నాను.

కొన్నేళ్ళ క్రితం మన ఉగాది నాడు భోజనాల బాధ్యత నాది. నలభై మైళ్ళ దూరంలోని రెస్టారెంటు నుంచి పులిహోర ట్రేలు, సాంబారు గిన్నెలు తెమ్మని, ఎమ్మెస్ చదువుతున్న ఓ కుర్రవాణ్ణి అతని సొంత కారులోనే పంపాను. ముందు రాత్రంతా స్టేజి కట్టినవాడు. బయట వాన. "పదకొండున్నరకల్లా వచ్చెయ్యాలి బాబూ, ఆలస్యమైతే జనం ఊరుకోరు" అని ఒకటికి రెండుసార్లు చెప్పాను.

పదకొండుంబావుకి ఫోను మోగింది.

"అంకుల్, ముందు కారును గుద్దేశాను."

నా నోట వచ్చిన మొదటి మాట: "సాంబారు ఏమైంది?"

కాసేపు అటునుంచి మాట లేదు. తరువాత, "ఒలికిపోయిందంకుల్" అన్నాడు. అతని ఎడమ మణికట్టు విరిగిందనీ, వెనక సీటులో పెట్టిన సాంబారు ఎగిరిపడి మెడ వెనక కాలిందనీ నేను ఆస్పత్రికి వెళ్ళాక గాని తెలియలేదు. ముందు కారులోని ఆవిడకు మెడ పట్టేసింది. దేవుడి దయవల్ల ప్రాణాపాయం ఎవరికీ లేదు.

అసలు కథ ఆ తరువాత మొదలైంది. నెల తిరక్కుండా ఆవిడ లాయరు దగ్గర్నుంచి రెండు ఉత్తరాలు వచ్చాయి. ఒకటి కుర్రవాడికి, ఒకటి మన సంఘానికి. కమిటీ మీటింగులో "కారు అతనిది, నడిపింది అతను. మనకేం సంబంధం?" అన్నారు కొందరు. నిజం చెప్పొద్దూ, ఆ మాట వినగానే నాకూ కాస్త ఊరటగానే అనిపించింది. మనలోనే ఉన్న లాయరుగారొకరు తల అడ్డంగా ఊపారు. "సంబంధం లేకేం? పంపింది మనమేగా!" అన్నారు. ఆయన ఆ రోజు చెప్పినవీ, తరువాత నేను చదివి తెలుసుకున్నవీ అందరికీ పనికొస్తాయని ఇక్కడ రాస్తున్నాను.

పనివాడు పని మీద ఉండగా చేసిన పొరపాటుకు యజమాని జవాబు చెప్పాలన్నది ఇంగ్లండు నుంచి ఇక్కడికి వచ్చిన పాత సూత్రం. 1834లో లండనులో ఓ గుర్రపు బండి దారినపోయే మనిషిని పడగొట్టిన కేసులో జడ్జి గీసిన గీత ఈనాటికీ చెల్లుతోంది. యజమాని పని మీద వెళుతూ పనివాడు కాస్త దారి మళ్ళినా బాధ్యత యజమానిదే. పూర్తిగా తన సొంత షికారుకు పోతే మాత్రం కాదు. అంటే కారు ఎవరిదన్నది కాదు, ఎవరి పని మీద వెళ్ళాడన్నది ముఖ్యం.

ఇంటికీ ఆఫీసుకీ మధ్య రాకపోకలు సాధారణంగా ఈ లెక్కలోకి రావు. "వస్తూ వస్తూ బ్యాంకులో ఈ చెక్కు వేసిరా" అన్నామా, వచ్చే వీలుంది. మోటెళ్ళు, గ్యాసు స్టేషన్లు, కన్సల్టింగు కంపెనీలు నడిపే మనవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. "అతను ఉద్యోగి కాదు, 1099 మీద చేస్తున్నాడు" అన్నంత మాత్రాన తప్పించుకోలేం. పని ఎలా చెయ్యాలో శాసించేది ఎవరన్నది కూడా కోర్టు చూస్తుంది. నడపడానికి పనికిరాని స్థితిలో ఉన్నాడని తెలిసీ తాళాలిస్తే అది ఇచ్చినవాడి సొంత తప్పే అవుతుంది. ఉద్యోగుల సొంత కార్లకూ, అద్దె కార్లకూ సంబంధించి వ్యాపారానికి విడిగా ఇన్సూరెన్సు దొరుకుతుంది. "హైర్డ్ అండ్ నాన్ ఓన్డ్ ఆటో" అని అడగండి.

పని మీద దెబ్బ తగిలిన ఉద్యోగికి, తప్పెవరిదన్న దానితో నిమిత్తం లేకుండా, వర్కర్స్ కాంపెన్సేషన్ వైద్యం ఖర్చు భరిస్తుంది. రాష్ట్రాన్ని బట్టి నియమాలు మారతాయి. టెక్సాసులో ప్రైవేటు యజమానులకు అది తప్పనిసరి కాదు.

మరి జీతం పుచ్చుకోని వాలంటీరు మాటేమిటి? నన్ను నిద్రపోనివ్వని సంగతి ఇక్కడే ఉంది. వాలంటీర్లను దావాల నుంచి కాపాడడానికి 1997లో కేంద్రప్రభుత్వం చేసిన చట్టం ఒకటుంది. కాని కారు నడుపుతూ చేసిన నష్టానికి అది వర్తించదు. వర్కర్స్ కాంపెన్సేషన్ కూడా సాధారణంగా వాలంటీరుదాకా రాదు. అంటే ఊరికే సేవ చేద్దామని వచ్చినవాడికి జీతగాడికున్నపాటి రక్షణ కూడా లేదన్నమాట.

చివరికి అతని ఇన్సూరెన్సే ఆవిడతో సర్దుబాటు చేసుకుంది. అతని ప్రీమియం పెరిగింది. ఆస్పత్రి బిల్లులో అతని వంతుకు మిగిలింది మేం ముగ్గురం పంచుకున్నాం. సంఘం ఖాతాలో అందుకోసం ఒక్క డాలరు కూడా కేటాయించి లేదు. రెండేళ్ళపాటు ఆ అబ్బాయి మన గుమ్మం తొక్కలేదు. తప్పు పట్టగలనా?

ఇప్పుడు మన సంఘం కొన్ని నియమాలు పెట్టుకుంది. రాత్రంతా మేలుకున్నవారికి తాళాలివ్వం. పదిహేడు గంటలు నిద్రలేని మనిషి, రక్తంలో 0.05 శాతం ఆల్కహాలు ఉన్నవాడితో సమానమట. వేడి గిన్నెలు మూత బిగించి ట్రంకులోనే పెట్టాలి. గంటకు 60 మైళ్ళ వేగంలో కారు సెకనుకు 88 అడుగులు పోతుంది. అందుకని ముందు కారుకు మూడు సెకన్ల ఎడం ఉండాలి, వానలో ఇంకా ఎక్కువ. పదిహేను సీట్ల వ్యాను అద్దెకు తీసుకోం. పదిమందికి పైగా ఎక్కితే అది బోల్తాపడే ప్రమాదం బాగా పెరుగుతుందని ప్రభుత్వమే హెచ్చరించింది. టైరు గాడిలో పెన్నీని తలకిందులుగా పెట్టి చూడండి. లింకన్ తల పూర్తిగా కనబడితే టైరు మార్చవలసిందే.

ఇక సీటు బెల్టు. ముందు సీట్లలో చావు ప్రమాదాన్ని సుమారు 45 శాతం తగ్గిస్తుంది. ఇండియా నుంచి వచ్చిన మన అమ్మానాన్నలు "వెనక కూర్చున్నవాళ్ళకెందుకురా?" అంటారు. అప్పుడు సాంబారు గిన్నె కథ చెప్పండి. గిన్నె ఎగిరినట్టే మనిషీ ఎగురుతాడు.

పోయిన ఏడాది ఆ అబ్బాయి ఇంటికి వెళ్ళి, ఆనాటి నా మాటకు క్షమాపణ చెప్పుకున్నాను. పెళ్ళయింది, ఓ పాప. "ఆ రోజు మీరు నన్ను గురించి అడుగుతారని చూశానంకుల్, అంతే" అన్నాడు. కాఫీ ఇచ్చాడు. ఈ ఉగాదికి వస్తానన్నాడు. వచ్చాక పని మాత్రం చెప్పను, ముందు వరసలో కూర్చోబెడతాను.

మనం పంపిన మనిషి నుంచి ఫోను వస్తే ముందుగా అడగవలసింది ఒక్కటే: "నీకేం కాలేదు గదా, బాబూ?" సాంబారుదేముంది, మళ్ళీ కాచుకోవచ్చు.

అందరికీ ఉగాది శుభాకాంక్షలు. క్షేమంగా రండి, క్షేమంగా ఇళ్ళు చేరండి.