పిల్లల మెడలో బిళ్ల తగిలితే...



జలుబు, గొంతునొప్పి తగ్గి వారం దాటినా, దవడ కింద శనగగింజంత బిళ్ల చేతికి తగులుతూనే ఉంటుంది. తల దువ్వేటప్పుడో, స్నానం చేయించేటప్పుడో అది తగలగానే చాలామంది కంగారుపడతారు. ఎక్కువసార్లు అది శరీరం సూక్ష్మజీవులతో పోరాడిందనడానికి గుర్తు మాత్రమే. ఈ బిళ్లలు శోషరస వ్యవస్థలో భాగం. డాక్టర్లు దీన్ని లింఫాటిక్ సిస్టమ్ అంటారు.

ఇది ఏం చేస్తుంది?

రక్తం సన్నని కేశనాళికల గుండా పారేటప్పుడు అందులోని నీరు, కొంత ప్రొటీన్ కణాల మధ్యకు ఊరతాయి. అందులో చాలావరకు తిరిగి రక్తంలోకి చేరుతుంది. మిగిలినదాన్ని, అంటే పెద్దవారిలో రోజుకు సుమారు 3 లీటర్లను, శోషరస నాళాలు పోగుచేసి మెడ కింది భాగంలోని పెద్ద సిరల్లో కలుపుతాయి. ఈ దారి మూసుకుపోతే ఆ భాగం వాస్తుంది. మనం తిన్న నెయ్యి, నూనెల్లోని కొవ్వు కూడా పేగుల నుంచి ఎక్కువగా ఈ దారిలోనే రక్తంలోకి చేరుతుంది.

ఈ వ్యవస్థకు గుండెలాంటి పంపు లేదు. నాళాల గోడలు ముడుచుకోవడం, మన కండరాల కదలిక, ఊపిరి తీసి వదలడం వల్ల ద్రవం ముందుకు సాగుతుంది. నాళాల్లోని కవాటాలు దాన్ని వెనక్కి జారనివ్వవు.

బిళ్లలు ఎందుకు ఉబ్బుతాయి?

దారి పొడవునా వందలకొద్దీ చెక్‌పోస్టులు ఉంటాయి. అవే లింఫ్ నోడ్లు, మనం బిళ్లలు అనేవి. ద్రవంతో పాటు వచ్చిన సూక్ష్మజీవులను తెల్లరక్తకణాలు ఇక్కడ ఆపుతాయి. ఆ సమయంలో కణాల సంఖ్య పెరిగి బిళ్ల ఉబ్బుతుంది. అందుకే అది ఎక్కడ ఉబ్బిందో చూస్తే కారణం కొంతవరకు తెలుస్తుంది: పిప్పిపన్ను ఉంటే దవడ కింద, తలలో పుండ్లో పేలో ఉంటే మెడ వెనుక, కాలికి దెబ్బ తగిలి చీము పడితే గజ్జల్లో. టాన్సిల్స్, ప్లీహం, ఛాతీలోని థైమస్ గ్రంథి కూడా ఈ కుటుంబానివే.

ఎప్పుడు డాక్టరుకు చూపించాలి?

• బిళ్ల ఎర్రగా, వేడిగా మారి బాగా నొప్పి పెడుతుంటే
• 2 సెంటీమీటర్ల కంటే పెద్దదైనా, రోజురోజుకూ పెరుగుతున్నా
• రాయిలా గట్టిగా ఉండి కదలకపోతే
• కాలర్ ఎముక పైన వస్తే
• నాలుగు వారాలు దాటినా తగ్గకపోతే
• విడవని జ్వరం, రాత్రిళ్లు చెమటలు, బరువు తగ్గడం ఉంటే

మన దేశంలో మెడ బిళ్లలకు క్షయ కూడా ఒక కారణం. పెద్దలు గండమాల అనేది దీన్నే. మందులు పూర్తిగా వాడితే నయమవుతుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో చికిత్స ఉచితం. బిళ్లను నొక్కడం, సున్నం–బెల్లం పట్టు వేయడం, మిగిలిపోయిన యాంటీబయాటిక్ వాడటం వద్దు.

బోదకాలు మాత్రలు మన పిల్లలకూ అవసరమే

ఫైలేరియా పురుగులు శోషరస నాళాల్లోనే కాపురం పెట్టి ఏళ్ల తరబడి బతుకుతాయి. వీటిని మోసేవి మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమలు. చాలామందికి ఇది చిన్నతనంలోనే సోకినా, కాలు వాయడం పెద్దయ్యాక గానీ బయటపడదు. అప్పటికే నాళాలు పాడైపోతాయి కాబట్టి వాపు పూర్తిగా తగ్గడం కష్టం.

అందుకే వ్యాధి ఉన్న ప్రాంతాల్లో ప్రభుత్వం అర్హులందరికీ మాత్రలు పంచుతుంది. రెండేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్ర అనారోగ్యం ఉన్నవారికి ఇవ్వరు. “మా అపార్ట్‌మెంట్‌లో దోమల్లేవు, మా బాబుకెందుకు?” అని కొందరు తల్లిదండ్రులు వద్దంటుంటారు. దోమకు గేటెడ్ కమ్యూనిటీ అడ్డు కాదు. మీ ప్రాంతంలో పంపిణీ జరిగితే, పిల్లలకు కడుపునిండా తినిపించి, సిబ్బంది ఎదుటే మాత్రలు వేయించండి. తర్వాత కొందరికి కొద్దిపాటి జ్వరం, తలనొప్పి రావచ్చు. పురుగులు చనిపోతున్నప్పుడు అలా జరుగుతుంది. ఎక్కువగా అనిపిస్తే వెంటనే ఆరోగ్య సిబ్బందికి చెప్పండి.

ఈ నెల ఇంట్లో చేయాల్సినవి మూడు: పిల్లల పళ్లు, తల, పాదాలు వారానికోసారి చూడండి. చిన్న పుండైనా సబ్బుతో కడిగి శుభ్రంగా ఉంచండి. రాత్రి దోమతెర కట్టండి.