హాస్టలు గదికి శరదృతుచర్య

ఆశ్వయుజ, కార్తిక మాసాలు శరదృతువు. వానలు వెనుకపట్టి, ఆకాశం తేటపడి, వెన్నెల పిండి ఆరబోసినట్లు కాసే ఈ కాలాన్ని కవులు మెచ్చుకొన్నంతగా వైద్యులు మెచ్చుకోలేదు. వర్షర్తువులో శరీరంలో సంచితమైన పిత్తం, మబ్బులు విడిపోయి ఒక్కసారిగా కాసే ఎండకు ఈ ఋతువులో ప్రకోపిస్తుందని చరకసంహిత, అష్టాంగహృదయం రెండూ చెబుతున్నవి. పగలు చురుక్కుమనే ఎండ, తెల్లవారుజామున మంచు, గోడలలో ఇంకా ఆరని వాన చెమ్మ ఒకే రోజులో అనుభవానికి వస్తాయి. ఇంట్లో ఉన్న పిల్లల విషయంలో ఈ మార్పులన్నీ తల్లో, అమ్మమ్మో కనిపెట్టి చూసుకొంటారు. హాస్టలులో చేరిన పిల్లలకు ఆ కన్ను ఉండదు. వారిని కాచుకోవలసినది వారు ఉంటున్న గదే.

చలిదేశాల పత్రికలలో శరత్కాలపు గది అనగానే ఉన్ని దుప్పట్లు, కొవ్వొత్తులు, మూసిన కిటికీలు కనబడతాయి. వారి వాతావరణానికి అవి తగును. మన శరత్తు మొదటి సగం చల్లదనాన్ని, దీపావళి దాటిన తరువాతి సగం వెచ్చదనాన్ని కోరుతుంది. కనుక ఒకే గదిని రెండు విధాలుగా అమర్చుకోవాలి.

ఇదంతా నేను పుస్తకాలు చదివి మాత్రమే వ్రాయడం లేదు. మా చెల్లెలి కుమార్తె వరంగల్లులో ఇంజనీరింగు మొదటి సంవత్సరంలో చేరింది. దసరా సెలవులకు వచ్చిన పిల్లను చూసి ఇంటిల్లిపాదీ కలవరపడ్డాము. మనిషి చిక్కిపోయింది. రాత్రిళ్ళు దగ్గు. కళ్ళ క్రింద నల్లని చారలు. "ఆ గదిలో నాకు నిద్ర పట్టదు పెద్దమ్మా, నేను మళ్ళీ వెళ్ళను" అని ఒకటే మాట. తండ్రి టి.సి. తెచ్చేద్దామన్నంత వరకూ వచ్చాడు. వైద్యునికి చూపించాము. జ్వరం లేదు, ఊపిరితిత్తులు బాగానే ఉన్నవి. "గది బయట ఉన్నప్పుడు కూడా దగ్గు వస్తుందా?" అని ఆయన అడిగిన ప్రశ్న నా మనసులో నాటుకొన్నది. సెలవులు ముగియగానే పిల్లతో కలిసి నేనూ బయలుదేరాను.

గది చూడగానే సగం సంగతి అర్థమైనది. మంచం తలవైపు గోడకు అవతల స్నానాలగది. ఆ గోడ జానెడు ఎత్తు వరకు చెమ్మగిలి, సున్నం పెచ్చులూడి, నల్లగా బూజు పట్టి ఉన్నది. దోమల భయంతో కిటికీ ఎప్పుడూ మూసే ఉంచుతారు. గదికి అడ్డంగా కట్టిన తాడుమీద తడిబట్టలు. ఇద్దరు పిల్లలకూ కలిపి ఒకే ట్యూబులైటు. తోడున్న అమ్మాయిది శ్రీకాకుళం జిల్లా. ఆ పిల్లకూ తెల్లవారుజామున తుమ్ములేనట.

ముందుగా చెమ్మ సంగతి చూశాము. మంచాన్ని గోడకు మూరెడు దూరం జరిపించాను. బూజును పొడిగా దులిపితే ఆ ధూళి గదంతా వ్యాపించి ముక్కులోకి పోతుంది. అందుచేత ముక్కుకు గుడ్డ కట్టుకొని, సబ్బునీటిలో ముంచిన బట్టతో తుడిచి, ఫ్యాను వేసి ఆరనిచ్చాము. గొట్టం కారుతున్నదని వార్డెనుగారికి నోటిమాటగా కాక కాగితంమీద వ్రాసి ఇప్పించాను. అది బాగుపడకుండా గోడను ఎన్నిసార్లు తుడిచినా వృథాయే. తడిబట్టలు మేడమీదకు మారినవి. పరుపులు, దిండ్లు రెండు రోజులు మంచి ఎండలో పడినవి. శరత్కాలపు ఎండ మనిషికి మంచిది కాదని శాస్త్రం అన్నది గానీ, పరుపుకు అంతకన్న మంచిది లేదు!

కిటికీకి దోమల జాలీ, మంచాలకు దోమతెరలు కొన్నాము. వానలు తగ్గిన ఈ నెలలలోనే డెంగ్యూ ఎక్కువ. దానిని వ్యాపింపజేసే దోమ పగటిపూట కుడుతుంది, మురుగులో కాక నిలువ ఉన్న మంచినీటిలో గ్రుడ్లు పెడుతుంది. కాబట్టి బకెట్లను, వాడకం మానిన కూలరు తొట్టిని వారానికొకసారి ఖాళీ చేసి, అంచులు రుద్ది ఆరబెట్టాలి. గుగ్గిలం, సామ్రాణి, వేపాకు ధూపం శాస్త్రోక్తమే కదా అని కొందరు అడుగుతారు. నడవాలున్న పెంకుటింటికి అది తగినది. పది పన్నెండు అడుగుల గదిలో, పుస్తకాల మధ్య, దగ్గుతున్న పిల్ల ప్రక్కన ధూపం వద్దని నా అభిప్రాయం. దోమల చక్రం పొగ కూడా అంతే.

ఇక ఇంటి వాసన. ఇంటిలో దేనిని తలచుకొంటున్నావు తల్లీ అని అడిగితే ఆ పిల్ల వంటలేమీ చెప్పలేదు. "అమ్మ చీర" అన్నది. నేను వెంట తీసుకువెళ్ళిన వస్తువులలో బొంత ఉన్నది. మెత్తబడిన నేతచీరలు రెండింటిని చెరి సగానికి మడిచి, ఒకదానిపై ఒకటి పరచి, నాలుగు పొరలుగా పొడుగు కుట్లు వేసినది. ఒక చీర తల్లిది, రెండవది అమ్మమ్మది. ఆశ్వయుజంలో పరుపుమీద పరచుకొంటే చెమట పీల్చుతుంది, కార్తికం చివర కప్పుకొంటే వెచ్చగా ఉంటుంది. అంగడిలో దొరికే పాలియెస్టరు రజాయి వెచ్చగా ఉన్నా, ఇలా చెమట పీల్చదు. అలమరలో బట్టల మధ్య వట్టివేళ్ళ కట్ట, బాగా ఎండిన వేపాకు పెట్టాము. నాఫ్తలీను ఉండలు తీసివేయించాను. జి6పిడి అనే ఎంజైము లోపమున్న వారికి వాటివల్ల రక్తకణాలు చిట్లే ప్రమాదమున్నది. ఆ లోపం తమకున్నదని చాలామందికి తెలియదు.

ట్యూబులైటు తొమ్మిదిన్నరకు ఆర్పి, పసుపు వెలుగునిచ్చే చిన్న బల్లదీపం వేసుకోమన్నాను. పడుకొనే ముందు తెల్లని వెలుగు, ముఖ్యంగా సెల్‌ఫోను వెలుగు, నిద్రను దూరం చేస్తుందని నేటి వైద్యమూ అంగీకరిస్తున్నది. వాగ్భటుడు శరత్తులో రాత్రి మొదటి జామున మేడమీద వెన్నెలలో కూర్చోమన్నాడు. హాస్టలుకూ మేడ ఉన్నది. పిల్లలిద్దరూ భోజనానంతరం అరగంట అక్కడ కూర్చోవడం మొదలుపెడితే, నాలుగవ రోజుకు ఆరుగురైనారట. మంచు పడే వేళకు మాత్రం క్రిందికి రావాలి. పడుకోబోయే ముందు అరికాళ్ళకు కాస్త కొబ్బరినూనె మర్దన చేసుకొని, పాత మేజోళ్ళు తొడుక్కోవాలి. మేజోళ్ళు లేకుండా నున్నని గచ్చుమీద నడిస్తే జారిపడతారు.

ఈ ఋతువులో పగటి నిద్ర, పెరుగు, కడుపు నిండుగా తినడం, తూర్పుగాలి కూడదన్నారు. మెస్సులో రోజూ వడ్డించే పెరుగును పలుచని మజ్జిగ చేసుకోవచ్చు. ఇక్కడ తల్లులకు ఒక మాట. పిల్ల హాస్టలుకు బయలుదేరుతున్నదంటే మన చేయి ముందుగా ఆవకాయ జాడీమీదకే పోతుంది. పులుపు, ఉప్పు, కారం మూడూ పిత్తాన్ని పెంచేవే. దానికి బదులు కరివేపాకు పొడి, ధనియాల పొడి, నెయ్యి పంపండి. పెసర సున్నుండలు ఆశ్వయుజానికి, మినప సున్నుండలు చలి ముదిరిన తరువాతకు. ఉసిరికాయ ఈ కాలపు వరం. ముక్కలు కోసి ఉప్పు చల్లకుండా ఎండబెట్టినవి సీసాలో పెట్టి ఇస్తే బల్లమీదే ఉంటుంది.

మంచినీటికి మట్టి కూజా కొన్నాము. పగలు సూర్యకిరణాలకు కాగి, రాత్రి చంద్రకిరణాలకు చల్లబడిన శరత్కాలపు నీటిని హంసోదకమని చరకుడు ప్రశంసించాడు. అది ఆనాటి నిర్మలమైన చెరువుల మాట. నేటి ట్యాంకు నీటిని కాచి గానీ, వడపోసి గానీ కూజాలో పోయాలి. టైఫాయిడు, కామెర్లు వెన్నెలకు భయపడవు.

మూడు వారాలకు దగ్గు పోయినది. నిద్ర ఇంకా అప్పుడప్పుడు పలచగానే ఉన్నదట, కానీ టి.సి. మాట మళ్ళీ ఎవ్వరూ ఎత్తలేదు. అందరి విషయంలోనూ గది సర్దితే సరిపోతుందని నేను అనను. గది పొడిగా ఉన్నా, తిండి సరిగా ఉన్నా, రెండు వారాలకు మించి పిల్ల నిద్రపోక, తినక, ఎవరితోనూ మాట్లాడక ఉంటే అది బెంగ కాకపోవచ్చు. ఆలస్యం చేయకుండా మానసిక వైద్యునికి చూపించాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరుకు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆ నంబరును మేమూ అలమర తలుపు లోపలివైపు అతికించి వచ్చాము.

తెలంగాణ పల్లెలనుండి వచ్చిన పిల్లలు బతుకమ్మ రోజులలో తంగేడు, గునుగు పూలు ఎలాగూ తెస్తారు. నాలుగు రెమ్మలు గాజుగ్లాసులో కిటికీ వద్ద ఉంచండి. గునుగు ఎండినా రంగు కోల్పోదు, కార్తికం వరకూ ఉంటుంది. నీరు మాత్రం రోజూ మార్చాలి, దోమల సంగతి పైన చెప్పాను కదా.

కార్తికమాసపు చివరి ఎనిమిది రోజులను, మార్గశిరపు మొదటి ఎనిమిది రోజులను శార్ఙ్గధరుడు యమదంష్ట్ర అన్నాడు. ఆ పదహారు రోజులూ మితంగా తిన్నవాడే సుఖంగా ఉంటాడట. సరిగ్గా అప్పుడే పిల్లలకు పరీక్షలూ, రాత్రి మేలుకొలుపులూ వస్తాయి. కాబట్టి కార్తిక పౌర్ణమి నాటికల్లా ఇంటినుండి రెండవ మూట వెళ్ళాలి. ఒక ఫ్లాస్కు, శొంఠిపొడి, బెల్లం, చెవులు కప్పే ఉన్ని టోపీ, వేయించిన పేలాలు. తెల్లవారుజామున తలవైపు కిటికీ మూసి, కాళ్ళవైపుది తెరిచి ఉంచమని చీటీ వ్రాసి ఆ మూటలోనే పెట్టండి. ఫోనులో చెబితే వినరు.