మీకు తెలుసా? వెనక స్పీకర్ల చోటు వెనక కాదు!

హోమ్ థియేటర్ పెట్టించుకున్న ఇళ్లలో తరచూ కనిపించే దృశ్యం ఇది. సోఫా వెనక గోడకు ఆనుకుని ఉంటుంది. ఆ గోడ మీదే, సీలింగుకు జానెడు కింద, రెండు చిన్న పెట్టెలు పిచ్చుక గూళ్లలా వేలాడుతుంటాయి. 'వెనక స్పీకర్లు' అన్నారు కాబట్టి వెనక బిగించేశారు. ముక్కు చూసే దిక్కు సున్నా, చెవి చూసే దిక్కు 90 డిగ్రీలు అనుకోండి. 5.1లో (ఐదు స్పీకర్లు, ఒక సబ్ వూఫర్) ఈ వెనక స్పీకర్లకు, అంటే సరౌండ్ స్పీకర్లకు, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ చూపించిన చోటు 100కీ 120కీ మధ్య. అంటే పక్కన, భుజానికి కాస్త వెనకగా. ఆ గూళ్లను పక్క గోడల చివరికి జరిపి, కూర్చున్న మనిషి చెవి ఎత్తుకు దించితే కోణం దాదాపు సరిపోతుంది. పక్కవాళ్ల తల అడ్డొస్తుందనుకుంటే ఇంకో అరడుగు పైకి.

నట్టనడి వెనక నుంచి వచ్చే శబ్దాన్ని మన చెవులు సరిగ్గా పట్టుకోలేవు. అది రెండు చెవులకూ ఒకేసారి చేరుతుంది. ఎదురుగా వచ్చేదీ అంతే. చెవి డిప్ప వంపులు, తల అటూ ఇటూ తిప్పే అలవాటు, ఇవే మనకు దిక్కు. 1999లో 'స్టార్ వార్స్: ఎపిసోడ్ 1'తో థియేటర్లలో వెనక గోడకు విడిగా ఒక చానెల్ వచ్చింది. ఇళ్లలో దానికి ఒక్క స్పీకరే, సరిగ్గా తల వెనక పెట్టుకుంటే, ఆ శబ్దం ఒక్కోసారి తెర వైపు నుంచి వినిపించేది! 7.1లో వెనక్కి రెండు స్పీకర్లు, అవీ ఎడంగా ఉండటానికి అదొక కారణం.

ఇప్పుడు కాస్త పాత రోజులకు వెళ్దాం. తెలుగులో తొలి 70 ఎం.ఎం. సినిమా, ఆరు ట్రాకుల శబ్దంతో వచ్చిన 'సింహాసనం', 1986 నాటిది. ఆ మరుసటి ఏడు ఇళ్లకు వచ్చిన డాల్బీ ప్రో లాజిక్‌లో మాత్రం సరౌండ్ ఒక్కటే చానెల్. స్పీకర్లు రెండున్నా పలికేది ఒకటే, అదీ 7,000 హెర్ట్జ్ దగ్గర కత్తిరించి, సుమారు 20 మిల్లీసెకన్లు ఆలస్యంగా. నాలుగు చానెళ్లను రెండింటిలో కుక్కి పంపడంతో హీరో డైలాగు కొంత వెనక్కి కారేది మరి. ఒకే మాట రెండు చోట్ల నుంచి వస్తే మెదడు ముందు చేరినదాన్నే నమ్ముతుందని హెల్ముట్ హాస్ 1949లో కొలిచి చూపించాడు. కారిన డైలాగును కాస్త ఆపి పంపితే అది తెర మీదే ఉన్నట్టు తోస్తుంది. ఎంత గడుసు ఉపాయం!

ఆ కాలం వాడుకే డైపోల్ స్పీకర్లు. వాటికి రెండు ముఖాలు. ఒకటి గాలిని నెడితే రెండోది లాగుతుంది. మధ్యలో కూర్చున్నవాళ్లకు నేరుగా ఏమీ రాదు, గోడలకు తగిలి వచ్చేదే వినిపిస్తుంది. ఇప్పుడు ప్రతి చానెలూ నిండుగా, విడిగా వస్తోంది. సెకండ్ హ్యాండ్‌లో డైపోల్ జత చవకగా దొరికినా నేనైతే కొనను.

5.1లో ఆ '.1' బాంబు పేలుళ్ల చానెల్. 120 హెర్ట్జ్ వరకే పలుకుతుంది. మిగతావి 20,000 దాకా పోతాయి కాబట్టి లెక్కకు అది నూరింట ఒక వంతు కూడా కాదు. ఏదో పెద్దమనసుతో పదో వంతు అన్నారు! దాదాపు 80 హెర్ట్జ్ కంటే కింది శబ్దం ఎటు నుంచి వస్తోందో చెవి పోల్చుకోలేదు. అందుకే రిసీవర్‌లో (శబ్దాన్ని స్పీకర్లకు పంచే పెట్టెలో) ఆ హద్దు పెట్టి, కిందిదంతా సబ్ వూఫర్‌కు అప్పజెప్తారు. ఇక సరౌండ్‌కు నిలువెత్తు పెట్టెలెందుకు? చిన్నవే తీసుకోండి, కానీ ముందు స్పీకర్ల కంపెనీవే, వీలైతే అదే సిరీస్‌వి. లేకపోతే ఎడమ నుంచి వెనక్కి దూసుకెళ్లే కారు మధ్యలో ఇంజన్ మార్చుకున్నట్టుంటుంది.

అట్టపెట్టె మీద వేల వాట్ల పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ పవర్) అంకె చూసి మోసపోవద్దు. 'సెన్సిటివిటీ' చూడండి. 87 డెసిబెల్స్ ఉన్నదానికంటే 90 ఉన్నదానికి, అంతే మోత రావడానికి సగం వాట్లు చాలు.

శబ్దం మిల్లీసెకనుకు సుమారు 34 సెంటీమీటర్లు నడుస్తుంది. రిసీవర్ ఒక్కో స్పీకరు దూరం అడిగేది అందుకే. దగ్గరున్నదాన్ని ఆ మేరకు ఆపి, అన్నీ ఒకేసారి చెవికి చేరేలా చేస్తుంది.

అన్నట్టు, వైర్‌లెస్ సరౌండ్ స్పీకర్లలో చాలావాటికి కరెంటు వైరు ఉంటుంది. కొనేముందు సోఫా పక్కన ప్లగ్ పాయింట్ ఉందో లేదో చూసుకోండి.