మీకు తెలుసా? హైస్కూల్లో ఉండగానే కాలేజీ క్రెడిట్లు

అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలనే రెండేళ్ల ప్రభుత్వ కాలేజీల్లో పేరు నమోదైనవారిలో ఇంచుమించు ఐదుగురికి ఒకరు ఇంకా హైస్కూలు పిల్లలే! 2022–23 విద్యాసంవత్సరంలో ఆ దేశం మొత్తం మీద సుమారు 25 లక్షల మంది హైస్కూలు విద్యార్థులు కనీసం ఒక్క కాలేజీ కోర్సయినా తీసుకున్నారు. దీన్ని డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్ అంటారు, టెక్సస్‌లో డ్యూయల్ క్రెడిట్ అంటారు. చదివేది ఒకే కోర్సు. అది హైస్కూలు లెక్కలోకీ వస్తుంది, రేపటి డిగ్రీ లెక్కలోకీ వస్తుంది. డాలస్‌లో పదకొండో తరగతి చదివే మనవరాలు "కాలేజీ ఇంగ్లిష్ అయిపోయింది తాతయ్యా" అని ఫోన్లో చెబితే అది గొప్పకు చెప్పిన మాట కాదు. నిజంగానే అయిపోయింది.

అసలు ఈ క్రెడిట్ల లెక్క వెనుక ప్రొఫెసర్ల పింఛను ఉందని తెలుసా? ఉక్కు వ్యాపారంలో కోట్లు గడించిన ఆండ్రూ కార్నెగీ 1905లో కోటి డాలర్లిచ్చి, కాలేజీ అధ్యాపకుల పింఛన్లకు ఒక నిధి పెట్టాడు. అందరికీ ఇవ్వడానికి లేదు కదా, మరి ఎవరిని కాలేజీ అధ్యాపకులనాలి? పేరుకు కాలేజీ, చెప్పేది హైస్కూలు పాఠం అన్నట్టున్న సంస్థలు అప్పట్లో చాలానే ఉండేవి. అందుకని నిధిని నడిపే కార్నెగీ ఫౌండేషన్ ఒక కొలత పెట్టింది. హైస్కూల్లో ఒక సబ్జెక్టును ఏడాదిలో 120 గంటలు చదివితే ఒక యూనిట్. అలాంటివి 14 యూనిట్లు పూర్తి చేసినవారినే చేర్చుకుంటే అది కాలేజీ, దాని అధ్యాపకులకు పింఛను. పింఛను కావాలి కాబట్టి కాలేజీలు ఒప్పుకున్నాయి, కాలేజీలు అడుగుతున్నాయి కాబట్టి హైస్కూళ్లూ ఒప్పుకున్నాయి. హైస్కూలు ఎక్కడ ముగుస్తుందో కాలేజీ ఎక్కడ మొదలవుతుందో అలా తేలింది. ఆ సరిహద్దు పిల్లల వయసును బట్టో బుద్ధిని బట్టో ఏర్పడింది కాదు. అందుకే దాన్ని కాస్త ఇటూ అటూ జరపడంలో తప్పేమీ లేదని నాకనిపిస్తుంది.

సరిహద్దును మొదట జరిపించిన కారణాల్లో యుద్ధం ఒకటి. 1951లో కొరియా యుద్ధం జరుగుతోంది. కుర్రాళ్లకు సైన్యం నుంచి పిలుపు వచ్చేలోగా రెండేళ్ల కాలేజీ చదువైనా చేతికందాలని ఫోర్డ్ ఫౌండేషన్ డబ్బుతో ఒక ప్రయోగం మొదలైంది. హైస్కూలు ఇంకా పూర్తికాని పదహారేళ్ల అబ్బాయిలను స్కాలర్‌షిప్ ఇచ్చి షికాగో, కొలంబియా, విస్కాన్సిన్, యేల్ విశ్వవిద్యాలయాల్లో చేర్చారు. ఆ రోజుల్లోనే, అదే ఫౌండేషన్ సాయంతో, ఎక్సెటర్, ఆండోవర్ లాంటి సంపన్నుల బడులూ హార్వర్డ్, ప్రిన్స్‌టన్, యేల్ అధ్యాపకులూ కలిసి ఇంకో దారి ఆలోచించారు. పిల్లవాణ్ని బడిలోనే ఉంచి కాలేజీ స్థాయి పాఠం చెప్పి, చివర ఒక పరీక్ష పెట్టడం. 1955లో కాలేజ్ బోర్డ్ అనే పరీక్షల సంస్థ ఆ పని చేతిలోకి తీసుకుంది. అదే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్.

అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్‌నూ డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్‌నూ ఒకటే అనుకునేవారు మన తల్లిదండ్రుల్లో చాలామంది. అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్‌లో మే నెలలో రాసే ఒక్క పరీక్ష తేల్చేస్తుంది. 1 నుంచి 5 వరకు స్కోరు, ఎంత వస్తే క్రెడిట్ ఇవ్వాలో తర్వాత చేరబోయే కాలేజీ ఇష్టం. డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్‌లో ఆ ఒక్క రోజు గండం లేదు. సెమిస్టర్ పొడుగునా రాసిన వ్యాసాలు, అసైన్‌మెంట్లు, పరీక్షలు కలిసి గ్రేడవుతాయి. మూడు క్రెడిట్ల కోర్సంటే మామూలుగా వారానికి మూడు గంటల చొప్పున పదిహేను వారాలు. పరీక్ష హాల్లో చెమటలు పట్టే పిల్లలకూ, రోజూ కుదురుగా పనిచేసుకునే పిల్లలకూ రెండోదే నయం.

ఈ కథలో నాకు బాగా నచ్చిన ఘట్టం 1974లో న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో జరిగింది. లాగార్డియా కమ్యూనిటీ కాలేజీలో జానెట్ లీబర్‌మన్ అనే ఆచార్యురాలు కాలేజీ ప్రాంగణంలోనే ఒక హైస్కూలు తెరిపించారు. పేరు మిడిల్ కాలేజ్ హైస్కూల్. అందులోకి తీసుకున్నది తరగతిలో మొదటివాళ్లను కాదు, చదువు మధ్యలో మానేసేలా ఉన్న పిల్లలను. వెనకబడ్డవాడికి మరింత తేలిక పాఠం చెప్పడం ఎక్కడైనా అలవాటే. ఆమె దానికి పూర్తిగా ఎదురు నడిచారు. కాలేజీ లైబ్రరీలో కూర్చోనివ్వండి, కాలేజీ కుర్రాళ్ల మధ్య తిరగనివ్వండి, సిద్ధమైనవాళ్లను కాలేజీ కోర్సు తీసుకోనివ్వండి అన్నారు. నువ్వు ఇక్కడివాడివే అని ఒక పిల్లవాడికి చెప్పడానికి ఇంతకంటే మంచి పద్ధతి నాకు తెలియదు. 1985లో అదే ప్రాంగణంలో, కొత్తగా వలస వచ్చి ఇంగ్లిష్ ఇంకా పట్టుబడని పిల్లల కోసం ఇంటర్నేషనల్ హైస్కూల్ కూడా మొదలైంది.

ఆ 1985లోనే మినసోటా రాష్ట్రం ఏకంగా చట్టం చేసింది. పదకొండు, పన్నెండు తరగతుల పిల్లలు కాలేజీకి వెళ్లి కోర్సు చదువుకోవచ్చు, ఫీజూ పుస్తకాల ఖర్చూ ప్రభుత్వానివి. రాష్ట్రమంతటికీ ఇలాంటి ఏర్పాటు చేయడంలో అమెరికాలో అదే మొదటిది. విద్యార్థి వెంట బడికి రావాల్సిన డబ్బూ వెళ్లిపోతుంది కనుక బడుల వైపు నుంచి గట్టి వ్యతిరేకతే వచ్చింది. అయినా గవర్నర్ రూడీ పెర్పిచ్ వెనక్కి తగ్గలేదు. ఆయన ఎవరో తెలిస్తే ఆ పట్టుదల అర్థమవుతుంది. క్రొయేషియా నుంచి వలస వచ్చిన ఇనుప గని కార్మికుడి కొడుకు. ఒకటో తరగతిలో చేరేనాటికి ఆయనకు ఇంగ్లిష్ రాదు. ఊళ్లోని హిబ్బింగ్ జూనియర్ కాలేజీలో చదివి, తర్వాత పళ్ల డాక్టరై, రాజకీయాల్లోకి వచ్చారు.

ఇలాంటి చదువు వల్ల నిజంగా మేలు జరుగుతుందా, లేక ఎలాగూ బాగా చదివే పిల్లలే ఇందులో చేరుతున్నారా? ఈ ప్రశ్నకు జవాబు దొరికిన తీరు ముచ్చటైనది. హైస్కూలు చదువుతో పాటే కాలేజీ కోర్సులూ చెప్పే ఎర్లీ కాలేజ్ హైస్కూళ్లు అనే బడుల్లో కొన్నింటికి సీట్లకు మించి దరఖాస్తులు వచ్చి, లాటరీ తీయాల్సి వచ్చింది. సీటు వచ్చినవాళ్లూ రానివాళ్లూ ఒకే రకం పిల్లలు, తేడా అదృష్టం ఒక్కటే. పరిశోధకులు ఈ రెండు గుంపులనూ ఏళ్ల తరబడి గమనించారు. సీటు వచ్చినవాళ్లలో కాలేజీ గడప తొక్కినవారూ, డిగ్రీ అందుకున్నవారూ ఎక్కువని తేలింది.

మన దగ్గర? ఇంటర్మీడియట్ బోర్డు 1971లో ఏర్పడింది. అంతకు ముందు తరంలో పదకొండేళ్ల బడి చదువు కాగానే చేరే పీయూసీ అనే ప్రీ యూనివర్సిటీ కోర్సును నడిపింది విశ్వవిద్యాలయాలే. పదహారేళ్లకే యూనివర్సిటీ విద్యార్థి కావడం మన తాతలకు కొత్త కాదన్నమాట. ఆ పద్ధతి 2008లో మరో రూపంలో తిరిగి వచ్చింది. బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో మొదలైన ట్రిపుల్ ఐటీల్లో పదో తరగతి కాగానే చేరి, రెండేళ్ల పీయూసీ, నాలుగేళ్ల బీటెక్ ఒకే ప్రాంగణంలో పూర్తిచేయవచ్చు. పదో తరగతి గ్రేడ్ల ఆధారంగా సీట్లిచ్చేటప్పుడు ప్రభుత్వ బడుల పిల్లల పాయింట్లకు 0.4 కలిపారు. పల్లె బడిలో చదివిన ఎందరో అమ్మాయిలకు ఆ 0.4 ఇంజనీరింగ్ సీటయింది. క్వీన్స్‌లో లీబర్‌మన్ చేసిందీ ఇలాంటి పనే.

అమెరికాలో ఉన్న మనవాళ్లు ముందే తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. అక్కడి ఫెర్పా అనే 1974 నాటి చట్టం ప్రకారం, పిల్లవాడు కాలేజీ కోర్సులో చేరితే ఆ కాలేజీ రికార్డుపై హక్కు పిల్లవాడిదే, వయసు పదిహేనే అయినా సరే. అమ్మానాన్నలు ఫోన్ చేసి గ్రేడ్ ఎంతని అడిగితే, పిల్లవాడి అనుమతి లేదని కాలేజీ చెప్పకపోవచ్చు. పన్ను లెక్కల్లో తమ మీద ఆధారపడినవాడిగా చూపించిన తల్లిదండ్రులకు చెప్పే వీలు కాలేజీకి ఉంది కానీ, చెప్పి తీరాలని లేదు. ప్రొఫెసర్‌కు ఈమెయిల్ రాయాల్సింది కూడా పిల్లవాడే.

ఆ గ్రేడ్ శాశ్వతమని కూడా గుర్తుంచుకోండి. పదహారో ఏట తెచ్చుకున్న సి గ్రేడ్ కాలేజీ ట్రాన్‌స్క్రిప్ట్ మీద ఉండిపోతుంది. ఎఫ్‌లు పేరుకుంటే రేపు ప్రభుత్వ ఆర్థిక సాయానికీ ఇబ్బంది రావచ్చు. పక్కింటివాళ్ల అమ్మాయి ఐదు కోర్సులు తీసుకుందని మన అమ్మాయితోనూ ఐదు తీయించడం అన్యాయం. ఇష్టమైన ఒక్క కోర్సుతో మొదలుపెట్టనివ్వండి.

క్రెడిట్లు అన్నిచోట్లా చెల్లవు కూడా. టెక్సస్‌లో కోర్ కరికులమ్ అనే 42 క్రెడిట్ల కట్ట ఉంది. రాష్ట్రంలోని ఒక ప్రభుత్వ కాలేజీలో చదివిన కోర్ కోర్సును మరో ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఒప్పుకుని తీరాలి. డాలస్ శివార్లలోని ప్లేనో, ఫ్రిస్కో పిల్లలు అక్కడి కాలిన్ కాలేజీలో చదివిన చరిత్ర పాఠం ఆస్టిన్‌లోని ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో పనికొచ్చేది అందుకే. అదే పాఠం పట్టుకుని వేరే రాష్ట్రంలోని పేరున్న ప్రైవేటు విశ్వవిద్యాలయానికి వెళితే, హైస్కూలు పూర్తి కావడానికి వాడుకున్న కోర్సుకు మళ్లీ క్రెడిట్ ఇవ్వం అనేవి చాలానే ఉన్నాయి. అందుకే చేరాలనుకునే విశ్వవిద్యాలయాల బదిలీ నిబంధనలు కోర్సు ఎంచుకునే ముందే చూడాలి. కోర్సు నచ్చకపోతే రికార్డులో గుర్తు పడకుండా మానుకునే గడువు కూడా సెమిస్టర్ మొదట్లో కొద్ది రోజులే ఉంటుంది. ఆ తేదీని మొదటి క్లాసుకు ముందే కనుక్కుని రాసిపెట్టుకోమని పిల్లలకు చెప్పండి.